పేరు పక్కన ‘సెటిల్డ్’

ఇల్లు అమ్మేద్దామనుకుంటున్న సంగతి నర్సమ్మగారు అందరికన్నా ముందు నాకే చెప్పారు. జగ్గయ్యపేటలో ఆవిడ ఇంటి వెనక వాటాలో మేం అద్దెకు దిగి అప్పటికి పన్నెండేళ్లయింది. ముందు వాటాలో ఆవిడ ఒక్కరే ఉండేవారు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. వీధిలో పిల్లలకు జ్వరం వస్తే డాక్టరు కంటే ముందు ఆవిడ దగ్గరికే తీసుకెళ్లేవాళ్లు. నా కూతురు ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు దానికి ఐదేళ్లు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని కాబట్టి, ఇంటికొచ్చేసరికి సాయంత్రమయ్యేది. అప్పటిదాకా పిల్ల ఆవిడ మంచం మీదే కూర్చుని హోంవర్కు చేసుకునేది.

కోదాడలో ఆవిడ చెల్లెలికి పక్షవాతం వచ్చింది. ఆమె భర్త ఎప్పుడో పోయాడు, దగ్గరుండి చూసేవాళ్లు లేరు. ఇల్లు అమ్మి, ఆ డబ్బుతో చెల్లెలికి వైద్యం చేయించుకుంటూ అక్కడే ఉండిపోదామని ఆవిడ ఆలోచన. ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే గుమ్మంలో నిలబడి పిలిచారు.

“ఎవరికో ఎందుకమ్మాయ్, నువ్వే తీసుకో. నీకైతే తగ్గించి ఇస్తా. బ్యాంకులో లోను పెట్టుకున్నావంటే నెలనెలా అద్దె కట్టినట్టే కట్టుకుంటావు” అన్నారు.

సొంతిల్లనే ఆలోచన మా ఆయన పోయిన రోజునే నా బుర్రలోంచి పోయింది. అలాంటిది, నేను రోజూ ఊడ్చే గుమ్మం, నేను నాటిన కరివేపాకు చెట్టు, నీళ్లు పట్టే ఆ సిమెంటు తొట్టి, ఇవన్నీ నావి అవుతాయని ఆవిడ అంత మామూలుగా చెప్పేసరికి, సరే అమ్మగారూ, కనుక్కుంటాను అన్నాను. నా జీతం మీద ఎంత లోను వస్తుందో స్కూల్లో లెక్కల టీచరు చూసి చెప్పింది. మేం దాచుకున్నది కలిపితే సరిపోతుంది. కూతురు ఇంటరు రెండో సంవత్సరం. వంటగది కిటికీకి దోమల మెష్ కొట్టిద్దామా, వెనక వరండా మూసి దానికొక చదువుకునే గది చేద్దామా అని ఇద్దరం వారం రోజులు అదే మాట్లాడుకున్నాం.

బ్యాంకులో లోన్లు చూసే ఆఫీసరు కుర్రవాడే, నాకంటే పదేళ్లు చిన్నవాడై ఉంటాడు. టీచర్నని తెలిసి కుర్చీ చూపించాడు, వాళ్లక్క కూడా టీచరేనని చెప్పాడు. ఆధార్, పాన్ కార్డు, జీతం స్లిప్పులు తీసుకుని కంప్యూటర్లో ఏదో కొట్టాడు. కాసేపటికి అతని ముఖంలో నవ్వు తగ్గింది. తెర వంక చూస్తూనే, నా పేరు మీద పాత వాహనం లోను ఒకటి ఉందని చెప్పాడు.

“అది అయిపోయిందండి. అయిపోయినట్టు కంపెనీ వాళ్లు కాయితం కూడా ఇచ్చారు” అన్నాను.

“అయిపోలేదండి మేడం. సెటిలైంది.”

నాకు అర్థం కాలేదు. మా ఇళ్లల్లో సెటిలవడమంటే మంచి మాట. ఉద్యోగం వచ్చి, ఒక చోట కుదురుకున్నవాణ్ణి సెటిలయ్యాడంటాం. పెళ్లిచూపుల్లో మా ఆయన గురించి వాళ్ల పెద్దమ్మ మా నాన్నకు చెప్పిన మొదటి మాట అదే. ఆఫీసరు ఓపిగ్గానే చెప్పాడు. మొత్తం కట్టి ముగిస్తే ‘క్లోజ్డ్’ అని వస్తుంది. కొంత కట్టి, మిగతాది కంపెనీ వదిలేసుకుంటే ‘సెటిల్డ్’ అని వస్తుంది. అంటే ఈ మనిషి పూర్తిగా కట్టలేదు అని అన్ని బ్యాంకులకూ తెలియడం కోసం పెట్టే గుర్తు. ఆ గుర్తు ఉన్నవాళ్లకి ఇంటి లోను ఇవ్వడం కుదరదు.

“ఎన్నాళ్లుంటదండి అది?”

“మామూలుగా సెటిలైన దగ్గర్నుంచి ఏడేళ్లండి.”

మధ్యలో ఏమైనా చేస్తే పోదా అని అడిగాను. తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. అప్లికేషను పెట్టినా సిస్టమే తీసుకోదన్నాడు. నా కాగితాలన్నీ చక్కగా సర్ది, పిన్ను పెట్టి మరీ తిరిగిచ్చాడు. కసురుకున్నా బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషైనా ఉండేవాడు.

ఆ లోను సంగతి చెప్పాలంటే మా ఆయన సంగతి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో ఆయన వేరేవాళ్ల బండి నడిపేవాడు. మిర్చి, కూరగాయలు, సిమెంటు బస్తాలు, ఏది దొరికితే అది వేసుకుని పేట నుంచి కంచికచర్ల దాకా, ఒక్కోసారి బెజవాడ దాకా వెళ్లేవాడు. వేదాద్రిలో పెళ్లిళ్లుంటే షామియానా సామాను కూడా తోలేవాడు. ఎప్పటికైనా సొంత ట్రాలీ ఆటో కొనాలని కోరిక. నందిగామలో ఒక ఫైనాన్సు కంపెనీ లోను ఇస్తానంది, కాకపోతే ఆయనకు జీతం కాగితం లేదు కాబట్టి నా జీతం స్లిప్పు పెట్టి నన్నూ సంతకం చేయమన్నారు. చేశాను. భార్య చేయకపోతే ఎవరు చేస్తారు? బండి ఇంటికొచ్చిన రోజు నర్సమ్మగారు గుమ్మం దగ్గర ఎదురొచ్చి నిమ్మకాయలు చక్రాల కింద పెట్టించారు. మా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మా ఆయన రెండూ కాదనలేదు.

రెండేళ్లకు పైగా ఒక్క వాయిదా తప్పలేదు. తర్వాత ఆయన కాళ్లు వాచడం మొదలైంది. రోజంతా సీట్లో కూర్చోవడం వల్లేమో అనుకున్నాం. అన్నం సయించక, ఒళ్లంతా నీరు పట్టి బెజవాడ తీసుకెళ్తే కిడ్నీలు పాడయ్యాయని చెప్పారు. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ రెండు రోజులూ ఆసుపత్రిలో ఉండి, మిగతా రోజుల్లో బండి తీసేవాడు. వద్దని నేను ఏడిస్తే, వాయిదా ఎవరు కడతారు టీచరమ్మా అని నవ్వేవాడు. ఒక రోజు కీసర టోల్‌గేటు దగ్గర స్టీరింగు మీద వాలిపోయాడు. వెనక వచ్చే లారీవాడు దిగి నీళ్లు కొట్టి పక్కకు తీయించాడు. ఆ తర్వాత బండి తీయలేదు. ఇంటి ముందు టార్పాలిన్ కప్పి ఉండేది. వాయిదాలు తప్పడం అక్కడి నుంచి మొదలైంది.

కంపెనీ తరఫున వసూలుకి ఒకతను నందిగామ నుంచి బైకు మీద వచ్చేవాడు. పొగరు మనిషి కాదు. మొదటిసారి మా ఆయన్ని చూసి, చెప్పాల్సిన మాట చెప్పలేక మంచినీళ్లడిగి తాగి వెళ్లిపోయాడు. మూడోసారి వచ్చినప్పుడు మా ఆయనే బండి తీసుకుపొమ్మన్నాడు. తాళాలు తీసి చేతికిస్తూ, “మంచిగా నడుస్తది తమ్ముడూ. క్లచ్ కొంచెం గట్టిగా తొక్కాలి. కొనేవాళ్లకి చెప్పు, లేకపోతే పాడుచేస్తారు” అన్నాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నాలుగు నెలలకే పోయాడు.

పోయిన నెల తిరక్కముందే ఆ వసూలు మనిషి మళ్లీ వచ్చాడు. బండి వేలంలో తక్కువకే పోయిందట. ఇంకా బాకీ ఉంది, అందులో నా సంతకమూ ఉంది. మొత్తం కట్టక్కర్లేదని, సెటిల్మెంట్ పెట్టిస్తానని, కంపెనీ కొంత వదిలేస్తే నేను కొంత కడితే ఇక పీడ వదిలిపోతుందని చెప్పాడు. మా అన్నయ్య కొంత సర్దాడు, నేను చెవిదుద్దులు అమ్మాను. కట్టేశాం. కాగితం ఇచ్చిన రోజు అతనికి టీ పెట్టి ఇచ్చాను, చాలా థాంక్స్ అండి అని చెప్పాను. మా ఆయన మీద ఇక ఎవరి బాకీ లేదని, మర్నాడు సమాధి దగ్గరికి వెళ్లి నిలబడి చెప్పుకున్నాను కూడా.

బ్యాంకు నుంచి వచ్చాక నెట్ సెంటర్లో, బ్యాంకులు చూసే నా అప్పుల రిపోర్టు తీయించుకున్నాను. నాలుగు పేజీలు. అందులో నెలల వారీగా గళ్లున్నాయి. కట్టిన నెలకు సున్నా, కట్టని నెలకు ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకె. నెట్ సెంటరతను ఎలా చదవాలో చెప్పి వేరే పనిలో పడ్డాడు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని చదివాను. వరసగా సున్నాలు, అవన్నీ ఆయన బాగున్న నెలలు. ముప్ఫై అని ఉన్న గడి ఆయన టోల్‌గేటు దగ్గర పడిపోయిన నెల. తర్వాతి అంకె పెద్దది, ఆ నెల డయాలసిస్ సూదులు గుచ్చడం కోసం ఆయన చేతికి ఫిస్టులా ఆపరేషను జరిగింది. తొంభై దాటిన గడి దగ్గర ఆయన బండి తాళాలిచ్చాడు. ఆయన చనిపోయిన నెలకు కూడా ఒక గడి ఉంది. అందులోనూ ఒక అంకె ఉంది. ఆ కాగితంలో ఆయన జబ్బు తప్ప అన్నీ ఉన్నాయి.

మా చర్చిలో ఏడాదికి ఒకసారి ఆయన జ్ఞాపకార్థ కూడిక పెడతాం. మొదటి ఏడాది వందమంది వచ్చారు. రెండో ఏడాది పాతికమంది. మూడో ఏడాది మా అన్నయ్య కుటుంబం, నర్సమ్మగారు, పాస్టరుగారు. దానికి నేను ఎవర్నీ తప్పుపట్టను, ఎవరి బతుకు వాళ్లది. కానీ ఆ నెలల్ని నాకంటే గట్టిగా గుర్తుపెట్టుకున్నది ఎక్కడో ముంబైలోనో ఢిల్లీలోనో ఉన్న ఒక కంప్యూటరని తెలిసినప్పుడు నాకు ఏడుపు కూడా రాలేదు.

వదిలేసిన ఆ మిగతా డబ్బు ఇప్పుడు కట్టేస్తే గుర్తు మారుతుందేమో అనిపించింది. ఇంటి అడ్వాన్సుకని దాచింది ఉంది కదా, అందులోంచి కడదామని ఒక శనివారం సగం రోజు సెలవు పెట్టి నందిగామ వెళ్లాను. మందుల షాపు పైన ఉండే ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. అక్కడ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు జరుగుతున్నాయి. కింద షాపులో అడిగితే, వసూలుకి తిరిగిన ఆ మనిషి బస్టాండు దగ్గర సెల్‌ఫోను కవర్లు అమ్ముకుంటున్నాడని చెప్పారు.

నన్ను చూడగానే గుర్తుపట్టాడు. స్టూలు వేశాడు. సంగతి విని ఫోను కవర్లు అటూ ఇటూ సర్దాడు.

“అప్పుడు నాకూ తెలవదు మేడం. ఇంతటితో క్లోజ్ అయిపోద్దని చెప్పండని మా మేనేజరన్నాడు, అదే మీకు చెప్పా” అన్నాడు.

అతను అబద్ధం చెబుతున్నాడనిపించలేదు. నా ముందే పాతవాళ్లకు నాలుగైదు ఫోన్లు చేశాడు. ఒకరు హైదరాబాదులో ఉన్నారు, ఒకరు ఫోనెత్తలేదు. చివరికి తేలింది ఏమంటే, ఆ కంపెనీ తన పాత బాకీల ఖాతాలన్నీ ఇంకో కంపెనీకి అమ్మేసింది. అమ్మినవాళ్లు మా దగ్గర ఫైలు లేదంటారు. కొన్నవాళ్లు సెటిలైన ఖాతా మాకు రాలేదంటారు. నా ఖాతా ఎవరి దగ్గరా లేదు, రిపోర్టులో మాత్రం ఉంది. అతను బస్సు దాకా వచ్చి, కూతురు ఏం చదువుతోందని అడిగాడు. చెప్పాను.

తర్వాత రెండు నెలలు నేను చేసిందంతా ఫోన్లే. స్కూల్లో ఖాళీ పీరియడ్ వస్తే స్టాఫ్‌రూములో మూలన కూర్చుని ఆ రెండు కంపెనీల కస్టమర్ కేర్‌కి చేసేదాన్ని. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకి రెండు. తెలుగు లేదు. పాట వినిపిస్తూ ఉండగానే బెల్లు కొట్టేసేవాళ్లు, ఫోను పెట్టేసి క్లాసుకి పోయేదాన్ని. ఎప్పుడైనా మనిషి దొరికితే, నేను డబ్బు కడతానంటున్నాను, తీసుకోండి చాలు అని చెప్పేదాన్ని. సెటిలైన ఖాతాకి మళ్లీ డబ్బు తీసుకునే ఏర్పాటు తమకు లేదని చెప్పేవాళ్లు. నా కూతురు ఆ రిపోర్టు తయారుచేసేవాళ్లకి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టింది. గడువులోపే జవాబు వచ్చింది. కంపెనీని విచారించామని, సమాచారం సరైనదేనని ధ్రువపరిచారని రాశారు. దానికి మళ్లీ ఏం రాయాలో మాకు తెలియలేదు. సమాచారం సరైనదే కదా. ఆయన కట్టలేకపోయిన మాట నిజం. నేను కొంతే కట్టిన మాటా నిజం.

నర్సమ్మగారు దసరా దాకా ఆగుతానన్నారు. దసరా అయ్యాక, క్రిస్మసు వెళ్లాక చూద్దాంలే అన్నారు. ఈలోగా కోదాడకు వస్తూ పోతూ ఉండేవారు. చెల్లెలికి రెండోసారి పక్షవాతం వచ్చి మాట కూడా పడిపోయింది. డబ్బు అవసరం ఎక్కువవుతోందని నాకు కనిపిస్తూనే ఉంది. ఆవిడ మాత్రం పైకి అనేవారు కాదు.

ఒక మధ్యాహ్నం ఆవిడే బ్యాంకుకి వెళ్లారట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆఫీసరు ముందు కూర్చుని, ఈ పిల్ల పన్నెండేళ్లలో ఒక్క నెల నాకు అద్దె ఆపలేదు, మొగుడు పోయిన నెల నేను వద్దన్నా దిండు కింద పెట్టి పోయింది, అది మీ కంప్యూటర్లో ఎక్కడైనా రాశారా అని అడిగారట. అతను లేచి నిలబడ్డాడట. కాఫీ తెప్పించాడట. అద్దె సంగతులు అందులోకి రావమ్మా అని మెల్లిగా చెప్పాడట. ఇంటికొచ్చి ఆవిడ చెప్పులు కూడా విడవకుండా నా గుమ్మంలోనే కూలబడ్డారు. నేను మజ్జిగ ఇస్తే తాగి, “వాడు మంచివాడేనమ్మాయ్. వాడి వల్లా కాదు” అన్నారు.

వడ్డీకి తెద్దామా అని ఒకసారి అనుకున్నాను. ఊళ్లో వడ్డీకి ఇచ్చేవాళ్లకు రిపోర్టులతో పనిలేదు. కానీ వాళ్ల వడ్డీ కడితే నా జీతంలో కూతురి చదువుకి ఏమీ మిగలదు. వద్దేవద్దని నర్సమ్మగారే గట్టిగా అన్నారు. సంక్రాంతి సెలవులయ్యాక రెండిళ్ల అవతల పురుగుమందుల వ్యాపారి ఇల్లు తీసుకుంటానని వచ్చాడు. ఆయనకు గోడౌను కావాలి. ఆవిడ నాతో చెప్పడానికి రెండు రోజులు తటపటాయించారు. చివరికి నేనే, ఇచ్చేయండమ్మగారూ, మీ చెల్లెల్ని చూసుకోండి అన్నాను. అలా అన్నందుకు ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చారు. నేను ఆవిడ వీపు నిమురుతూ ఉన్నాను.

రిజిస్ట్రేషన్ రోజు తోడు రమ్మంటే వెళ్లాను. సబ్ రిజిస్ట్రారాఫీసు బయట రేకుల షెడ్డు కింద డాక్యుమెంట్ రైటరు దగ్గర కూర్చున్నాం. సాక్షి సంతకానికి వస్తానన్న ఒకాయన ఎంతకీ రాలేదు. వ్యాపారి ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఆఫీసు మూసే వేళ దగ్గరపడింది. డాక్యుమెంట్ రైటరు నా వంక చూసి, ఆధార్ ఉందా మేడం అన్నాడు. నర్సమ్మగారు వద్దు, దాన్ని అడగొద్దు అన్నారు. నేను ఆధార్ తీసిచ్చాను.

లోపల గుమస్తా నా సంతకం చూస్తూ, ఈవిడ మీకేమవుతారని ఆవిడ్ని అడిగాడు.

“నా మనిషి” అన్నారు నర్సమ్మగారు.

గుమస్తా వేలిముద్ర వేయించుకుని, ఇంకు తుడుచుకోమని పాత న్యూస్‌పేపరు ముక్క ఇచ్చాడు. ఇల్లు ఇంకొకరిదైనట్టు చెప్పడానికి నా సంతకం చెల్లింది. బయటికొచ్చాక ముగ్గురం సోడాలు తాగాం. వ్యాపారి మర్యాదస్తుడే, పిల్ల పరీక్షలయ్యేదాకా ఖాళీ చేయక్కర్లేదన్నాడు.

పరీక్షలయ్యాక మేం వేరే వీధిలో మేడమీద రెండు గదుల్లోకి మారాం. పాత ఇల్లు పడగొట్టి రేకుల గోడౌను వేశారు. స్కూలుకి దారి అటే కాబట్టి రోజూ చూస్తూనే ఉంటాను. అప్పు ఎగ్గొట్టేవాళ్లుంటారు, వాళ్ల సంగతి బ్యాంకులకు తెలియాలి, అది కాదనను. మనిషి కావాలని మానేశాడా, మంచాన పడి మానేశాడా అనేది అడిగేందుకు ఆ నాలుగు పేజీల్లో ఒక గడైనా ఎందుకు లేదో, ఏడేళ్లనే లెక్క ఎవరు ఏం చూసి పెట్టారో నాకు చెప్పగలిగినవాళ్లు ఇంతవరకూ కనబడలేదు. అడిగిన ప్రతివాళ్లూ తమ పై వాళ్లనే చూపించారు.

మొన్న వేసవిలో ఒక ఆదివారం నేనూ, నా కూతురూ కోదాడ వెళ్లాం. నర్సమ్మగారు చెల్లెల్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి చెంచాతో రాగిజావ పడుతున్నారు. ఆమె మూతి ఒక పక్కకు పోయి, సగం జావ గడ్డం మీదికి కారుతోంది. ఆవిడ తుడుస్తున్నారు, మళ్లీ పడుతున్నారు. ఆవిడ కూడా బాగా చిక్కిపోయారు. కూతురు డిగ్రీలో చేరబోతోందని చెబితే సంతోషించారు. కాసేపటికి, “ఇంకా ఎన్నేళ్లుందమ్మాయ్ నీ పేరు మీద అది?” అని అడిగారు. ఇంకా మూడేళ్లకు పైనే ఉందని చెప్పాను.

“అప్పటికి పిల్ల ఉద్యోగంలో ఉంటదిలే” అన్నారు.

అవునన్నాను. అప్పటికి ఇళ్ల ధరలెలా ఉంటాయో, నా వయసుకి బ్యాంకువాళ్లు ఎన్నేళ్ల లోను ఇస్తారో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. నా కూతురు లేచి ఆవిడ చేతిలోంచి గిన్నె తీసుకుంది. నేను పడతాను, మీరు కాసేపు కూర్చోండి అమ్మమ్మా అంది. ఆవిడ గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నారు. పేటకు ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుందామని నేను బయటికి వెళ్లాను.